చేతిలో పెట్టిన జమ్మి

రాజన్న నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన ఎప్పుడూ అనేవారు. అందుకే ఆయన జబ్బు సంగతి రాజన్నకు చెప్పేముందు లాల్‌దర్వాజా మహంకాళమ్మ మీద ఒట్టు వేయించుకున్నాను. ఆ ఒట్టు అతను తప్పలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. నోరైతే కట్టేశాను గానీ, చేతులు కూడా కట్టేయాలని నాకు తోచలేదు.

మా ఆయన పేరు శ్రీహరిరావు. రాష్ట్రం ఏర్పడిన కొత్తలో మా మామగారు కర్నూలు నుంచి ఆఫీసుతోపాటు హైదరాబాదుకు వచ్చిన గుమాస్తా. ఆయన వెంట వచ్చిన ఈయన ఇక్కడ బి.ఏ.లో చేరారు. మొదటిరోజు క్లాసులో ఈయన తెలుగు ఎవరికీ అర్థం కాలేదట, వాళ్ళ ఉర్దూ ఈయనకు అర్థం కాలేదట. పక్కన కూర్చున్న లాల్‌దర్వాజా కుర్రాడు రాజన్న గోడమీది నోటీసు చదివి చెప్పి, ఫీజు కట్టే కిటికీ చూపించి, మధ్యాహ్నం తన డబ్బాలోంచి జొన్నరొట్టె సగం విరిచి పెట్టాడు. అదే బెంచీ మీద మూడోవాడు అమరనాథ్. చదువయ్యాక అతను నిజామాబాద్ వెళ్ళిపోయాడు. రాజన్న కరెంటాఫీసులో, ఈయన సెక్రటేరియట్‌లో చేరారు.

ఉద్యోగాలూ పెళ్ళిళ్ళూ వచ్చాక రోజూ కలుసుకునే తీరిక ఎవరికుంటుంది? పండగలు మాత్రం మిగిలాయి. ఉగాదికీ, వినాయకచవితికీ, దీపావళికీ ఫోను. బోనాలకు రాజన్న ఇంటినుంచి పిలుపు. జనవరి ఒకటికల్లా అమరనాథ్ గ్రీటింగ్ కార్డు. ఆ కార్డు మీద గులాబీపువ్వు ఉంటే ఉండేది గానీ, లోపలంతా వార్తలే. పైన ఎవరి మనవడు పుట్టాడు, ఎవరి కూతురి పెళ్ళయింది, ఎవరు రిటైరయ్యారు. అడుగున, అక్షరాలు చిన్నవి చేసి, ఆ ఏడు ఎవరు పోయారు. మా ఆయన కార్డు రాగానే ముందు అడుగు చదివేవారు. తర్వాత రాజన్నకు ఫోను చేసి, పైన ఉన్నదంతా చదివి వినిపించి, చివరకు గొంతు తగ్గించి ఆ పేర్లు చెప్పేవారు.

దసరా మాత్రం ఫోనుతో సరిపెట్టుకునే పండగ కాదు. మా అమలాపురం వైపు జమ్మికి పూజ చేస్తాం, అంతే. ఆకు కోసుకొచ్చి బంగారమని ఒకరికొకరు ఇచ్చుకోవడం, అలాయ్ బలాయ్ అని కౌగిలించుకోవడం నేను ఇక్కడికి కాపురానికి వచ్చాకే చూశాను. అందులో ఒక పద్ధతుంది. చిన్నవాడు పెద్దవాడి ఇంటికి వెళ్ళాలి, ఆకు చేతిలో పెట్టాలి, కాళ్ళకు దండం పెట్టాలి. పెద్దవాడు దీవించాలి. ఆ తర్వాతే కౌగిలింత.

ఇక్కడే వచ్చింది తంటా. ఇద్దరిలో పెద్దవాడెవరు? మా ఆయనకు తాటాకు మీద రాసిన జాతకం ఉంది, తిథి నక్షత్రాలతో సహా. రాజన్నకు వాళ్ళమ్మ ఆగమ్మ మాట ఉంది. వాళ్ళ నాయన కొత్త సైకిలు కొన్న ఏడు, బోనాల వారం, అమ్మవారి ఘటం వాళ్ళ గల్లీలోకి వచ్చినప్పుడు పుట్టాడట. ఆ సైకిలు ఏ ఏడు కొన్నారో ఆగమ్మకే ఒకసారి చెప్పినట్టు ఇంకోసారి జ్ఞాపకం ఉండేది కాదు.

"నీకు తారీఖున్నది హరీ, నాకు లేదు," అనేవాడు రాజన్న. "అంటే ఏంది? తారీఖులు పుట్టకముందే నేను పుట్టిన."

ఎవరూ తగ్గలేదు. అందుకని ఒక ఏడు మా బహదూర్‌పురా ఇంట్లో, ఒక ఏడు వాళ్ళ లాల్‌దర్వాజా ఇంట్లో అని వంతు పెట్టుకున్నారు. వచ్చినవాడు గడపలోనే ప్రకటించేవాడు, వంతు కాబట్టి వచ్చానే తప్ప చిన్నవాణ్ణని రాలేదని. ఆకు చేతిలో పెడితే చిన్నతనం ఒప్పుకున్నట్టు కనక, ఒకరి చొక్కాజేబులో ఒకరు ఒకేసారి కూరేసి, ఒకేసారి కౌగిలించుకునేవారు. జుట్టు నెరిసిన మగవాళ్ళిద్దరు ఎదురెదురుగా నిలబడి, వేలితో జేబులు తెరిచిపట్టుకుని, ఒకటీ రెండూ మూడూ అనడం చూస్తే నాకు ఒళ్ళు మండేది. పాయసం అవతల చల్లారిపోతుంటే ఇదేం వేళాకోళం అని అరిచేదాన్ని. అరవైతొమ్మిదిలో తెలంగాణ ఉద్యమంతో ఊరంతా గొడవగా ఉన్నప్పుడు కూడా రాజన్న పురానాపూల్ మీదుగా చుట్టు తిరిగి మా ఇంటికి వచ్చాడు. ఆ ఏడు అతని వంతు కాదు. అయినా జేబులోనే పెట్టాడు.

నన్నేమని పిలవాలన్నదీ ఈ తగువులోనే చిక్కుకుపోయింది. తాను చిన్నవాడైతే నేను వదినను. అందుకని అతను నన్ను సుందరమ్మా అనేవాడు. నా పూర్తిపేరు బాలత్రిపురసుందరి అతని నోటికి ఎప్పుడూ తిరగలేదు. నేను బావగారూ అంటే మా ఆయనకు కోపం, మరిదిగారూ అంటే అతనికి కోపం. రాజన్నగారూ అని ఊరుకునేదాన్ని.

అమరనాథ్ కార్డు అడుగున కొత్త పేరు కనబడ్డప్పుడల్లా రాజన్న ఒకే మాట అనేవాడు. "మన ముగ్గురిల ముందు పోయేది నేనే. పెద్దోడు ముంగట నడవాలె గద. నువ్వు నాకు భుజం పట్టాలె." మా ఆయన ఒప్పుకునేవారు కాదు. జాతకం ప్రకారం ముందు వెళ్ళే హక్కు తనదేననీ, రాజన్నను మొయ్యాలంటే నడుము విరుగుతుందనీ అనేవారు. చావు గురించి అలా పరాచికాలాడటం నాకు సుతరామూ నచ్చేది కాదు. ఇద్దర్నీ తిట్టి లోపలికి పోయేదాన్ని.

రెండువేల మూడు ఆషాఢంలో ఈయన కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లే అనుకున్నాం. మా అమ్మాయి రాగసుధ దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటుంది, స్కూల్లో టీచరు. అది సెలవు పెట్టి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి పరీక్షలన్నీ చేయించింది. డాక్టరు మా ఇద్దరినే లోపలికి పిలిచాడు. క్లోమంలో రాచపుండట, కాలేయానికీ పాకిందట, కోసి లాభం లేదట. ఏడు తిరగడం కష్టం అన్నాడు. బయట బెంచీ మీద కూర్చుని ఈయన అరటిపండు ఒలుచుకుంటున్నారు. మమ్మల్ని చూసి, ఏమన్నాడు అని అడిగారు. కామెర్లు ముదిరాయన్నాడు, పథ్యం గట్టిగా చెయ్యాలన్నాడు అని అక్కడికక్కడే అబద్ధం ఆడేశాను.

ఎందుకు ఆడానో చెప్పాలి. ఈయన అన్నగారు, అంటే మా పెద్ద బావగారు, రాజమండ్రిలో ఇలాంటి జబ్బుతోనే పోయారు. డాక్టరు ఆయనకు దాచకుండా చెప్పేశాడు. చెప్పిన పూటనుంచి ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. పిల్లలు పిలిచినా, పెళ్ళాం ఏడ్చినా మళ్ళీ ఇటు తిరగలేదు, తినలేదు. కర్మకాండలు ముగించుకుని రైల్లో వస్తూ ఈయన అన్నారు, తెలియకపోతే ఇంకో ఆర్నెల్లు బతికేవాడు సుందరీ, భయంతో పోయాడు అని. ఈయనా అదే రక్తం. సూదిమందంటేనే కళ్ళు మూసుకునే మనిషి. ఆయనను గోడవైపు తిరగనివ్వకూడదు. నాకున్న పట్టుదల అదొక్కటే.

వినాయకచవితికి రాజన్న ఫోను చేశాడు. పడుకున్నారని చెప్పాను. పండగపూట పగలు హరి పడుకోవడమేంటని మర్నాడే బస్సెక్కి వచ్చేశాడు. ఈయన ముఖం చూసి, మంచినీళ్ళడిగే వంకతో వంటింట్లోకి వచ్చాడు. ఇక దాచి లాభం లేదని ఒట్టు వేయించుకుని చెప్పాను. అతను ఏడవలేదు. నీళ్ళు తాగాడు. గ్లాసు తనే కడిగి బోర్లించాడు.

"హరికి తెల్వద్దు. అంతే గద," అన్నాడు. "ఫికర్ జెయ్యకు సుందరమ్మా. నా పానం పోయినా చెప్ప."

ఆ రోజునుంచి నా అబద్ధానికి అతను నాకన్నా ఎక్కువ పనిచేశాడు. కామెర్లకు నేలఉసిరి మంచిదని వాళ్ళ వైపునుంచి కట్టలు కట్టలు తెచ్చేవాడు. నేను దంచి రసం తీసి ఇచ్చేదాన్ని. ఈయన ముక్కు మూసుకుని తాగి, రాజన్నను బూతులు తిట్టేవారు. తనకు తెలిసిన ఓ ముసలాయన ఇదే తాగి నెలరోజుల్లో లేచి తిరిగాడని రాజన్న కథలు చెప్పేవాడు. ఒక్కోసారి అతని మాటలు విని నేనే నమ్మేదాన్ని. నమ్మాలని ఉండేది.

దసరా వచ్చింది. ఆ ఏడు లాల్‌దర్వాజా వంతు. ఈయన నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతున్నారు. ఆటోలు దొరకవు, గల్లీల్లో దసరా లొల్లి అని ఏదో సాకు చెప్పి, సాయంత్రానికి రాజన్నే వచ్చాడు. తెల్లచొక్కా వేసుకుని, జేబురుమాల్లో జమ్మి చుట్టుకుని వచ్చాడు. కాసేపు మామూలుగానే మాట్లాడుకున్నారు. శకునానికి పాలపిట్ట కనబడిందా లేదా అని వాదించుకున్నారు. అమరనాథ్‌కు ఫోను కలిపి ఇద్దరూ ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని మాట్లాడారు. నేను గారెలు పెడితే ఈయన ఒకటి తుంచి వదిలేశారు.

తర్వాత ఈయన మంచం పట్టె పట్టుకుని లేచి నిలబడ్డారు. లాల్చీ భుజాల మీద వేలాడుతోంది. వేలితో జేబు తెరిచి పట్టుకుని, కానీయ్ అన్నారు. ఒకటి అని లెక్క కూడా మొదలుపెట్టారు.

రాజన్న జేబువైపు చూడలేదు. ఈయన కుడిచెయ్యి అందుకున్నాడు. వేళ్ళు విప్పి, అరచేతిలో జమ్మిరెమ్మ పెట్టి, మళ్ళీ వేళ్ళు మూశాడు. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా వంగి, రెండు పాదాలూ ముట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

"దీవించన్నా," అన్నాడు.

నా చేతిలో పాయసం గిన్నె ఉంది. అది కింద పెట్టాలని కూడా తోచక అలాగే నిలబడిపోయాను. నలభై ఏళ్ళకు పైబడిన తగువు అది. ఒకడు ముసిముసిగా నవ్వుతాడు, ఒకడు ఎగిరి గంతేస్తాడు అనుకోవాలి. ఈయన నవ్వలేదు. వంగిన ఆ నెత్తికేసి చూశారు. తర్వాత తలెత్తి నాకేసి చూశారు. నేను కళ్ళు తిప్పుకున్నాను. తిప్పుకోకుండా ఉండాల్సింది.

"చల్లగా ఉండు తమ్ముడూ," అని ఈయన అతని నెత్తిన చెయ్యి పెట్టారు. లేపి కౌగిలించుకున్నారు. వెళ్ళేటప్పుడు రాజన్న గడప దగ్గర నాతో పోయొస్త వదినా అన్నాడు. ఆ పిలుపు అతని నోటినుంచి వినడం నాకదే మొదటిసారి. అతని ముఖం వెలిగిపోతోంది. స్నేహితుణ్ణి ఒక్కసారి గెలిపించానన్న సంతోషం అది, ఇంకేమీ కాదు. ఆ సంతోషం చూసి నాకు అతన్ని చెంపదెబ్బ కొట్టాలనిపించింది.

తలుపు వేసి వచ్చేసరికి ఈయన మంచం మీద కూర్చుని గుప్పిట విప్పి ఆకు చూసుకుంటున్నారు.

"ఎన్నాళ్ళన్నాడు డాక్టరు?" అని అడిగారు.

ఎన్నాళ్ళేంటండీ, పథ్యం సరిగ్గా ఉంటే కార్తీకానికల్లా తగ్గిపోతుందన్నాడుగా అన్నాను. ఇంకా ఏదేదో అన్నాను.

"రాజన్న ఆకు చేతిలో పెట్టాడు సుందరీ," అన్నారాయన.

అంతే. నాకు ఇంక అబద్ధం రాలేదు. నేలమీద కూలబడి ఆయన మోకాలికి తల ఆనించి ఏడ్చాను. ఉన్నదంతా చెప్పేశాను. చెబుతున్నంతసేపూ ఆయన చెయ్యి నా తలమీద వణుకుతూనే ఉంది. భయపడ్డారు. భయపడలేదంటే అది ఇంకో అబద్ధమవుతుంది. కాసేపటికి అటు తిరిగి గోడవైపు చూశారు. నేను ఆయన మోకాలు గట్టిగా పట్టుకున్నాను. మళ్ళీ ఇటే తిరిగారు.

రాజన్న సంగతి రేపు తేలుస్తానన్నాను. ఒట్టేసి ఇలా చేస్తాడా, ఇంత బుర్రలేని మనిషిని నేనెక్కడా చూడలేదు, ఫోనులోనే కడిగేస్తానన్నాను. ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"వాడికి తెలియకూడదు. నాకు తెలిసిందని గానీ, వాడివల్ల తెలిసిందని గానీ. వాడు తట్టుకోలేడు. నేను పోయాక కూడా చెప్పకు."

ఇక చూడండి నా బతుకు. ఇద్దరి మధ్య అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. రాజన్న నేలఉసిరి తెచ్చేవాడు. నేను దంచేదాన్ని. ఆ రసం దేనికీ పనిచేయదని తెలిసి కూడా, రాజన్న చూస్తుండగా ఈయన గటగటా తాగి, మొన్నటికన్నా ఆకలి నయంగా ఉందిరా అనేవారు. అతను వెళ్ళగానే కక్కేవారు. పెద్దరికం దక్కింది కదా అని అతనికి పనులు పురమాయించేవారు. తమ్ముడూ, ఉస్మానియా బిస్కెట్లు పట్రా. తమ్ముడూ, కాళ్ళు లాగుతున్నాయి, పట్టు. రాజన్న మహదానందంగా చేసేవాడు. దీపావళికి ఫోను చేసి మరీ చెప్పారు, వచ్చే దసరాకి కూడా నువ్వే రావాలి, పెద్దవాణ్ణి, నేను కదలను అని. అవతల ఏమన్నాడో నాకు వినబడలేదు. మర్నాడు వచ్చినప్పుడు కళ్ళు వాచి ఉన్నాయి. పటాకుల పొగ పడలేదని చెప్పాడు.

అతను గేటు దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చేవాడు. అతని అడుగు వినగానే ఈయన దిండుకింది జేబురుమాలుతో కళ్ళు తుడుచుకుని లేచి కూర్చునేవారు. ఇద్దరినీ చూస్తూ కాఫీ కలిపేదాన్ని. ఒక్కమాటతో ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడవచ్చు కదా, ఎందుకీ నరకం అనిపించేది. ఆ ఒక్కమాట నేను అనకూడదు. అతనిచేత నేనే ఒట్టు వేయించాను, ఈయన నా దగ్గర మాట తీసుకున్నారు.

కార్తీకం వెళ్ళిన వారానికి, పొద్దున మా ఇంటికి దగ్గర్లోని జూలో సింహం అరుస్తున్న వేళ, ఆయన పోయారు. ముఖం నావైపే ఉంది.

పురానాపూల్ శ్మశానందాకా రాజన్న భుజం మార్చుకోలేదట. వేరేవాళ్ళు పడతామన్నా ఇవ్వలేదట. వెంట వెళ్ళిన మా అల్లుడు చెప్పాడు. జనవరిలో అమరనాథ్ కార్డు నా పేరున వచ్చింది. పైన మామూలుగా ఎవరి మనవరాలో పుట్టిన సంగతి రాశాడు. అడుగున ఏమీ రాయలేదు. ఆ ఖాళీజాగా చూసి నేను ఏడ్చినంతగా కర్మనాడు కూడా ఏడవలేదు.

మళ్ళీ దసరా వచ్చింది. ఏడాది తిరగలేదు కనుక మాకు పండగ లేదు. ఇంటికి ఎవరూ జమ్మి తేరు, తేకూడదు. అయినా సాయంత్రం గేటు చప్పుడైంది. రాజన్న. ఉత్తచేతులతో వచ్చాడు. తెల్లచొక్కాయే, జేబు ఖాళీగా ఉంది. ఆయన మంచం ఉండే చోట కుర్చీ వేశాను. అందులో కూర్చున్నాడు. తర్వాత తలవంచుకునే మొదలుపెట్టాడు.

"పెద్దోడెవలో నాకు ఎన్నడు తెల్వది వదినా. ఆ అమ్మవారికే ఎరుక. పోయేటోడు ఒక్కపారన్న గెల్వాలె అనిపిచ్చింది. అందుకే ఆ పొద్దు చేతుల పెట్టిన. మస్తు ఖుష్ అయిండు గద?"

చాలా సంతోషించారని చెప్పాను. అది అబద్ధం కాదని ఇప్పటికీ అనుకుంటాను. తమ్ముడూ అని పిలిచినప్పుడల్లా ఆయన గొంతులో ఏదో తృప్తి నేను విన్నాను. కానీ ఆ ఆకు పెట్టిన సాయంత్రం నా తలమీద వణికిన చెయ్యి కూడా నాకు గుర్తుంది. ఏడాదిపాటు మింగిన కోపం గొంతుదాకా వచ్చింది. నీ మూలంగానే, నీ మూలంగానే అని నోరు తెరవబోయాను.

అతను తలెత్తాడు. ఈ ఏడాదిలో బాగా ముసలివాడైపోయాడు. కళ్ళనిండా నీళ్ళున్నాయి గానీ, చూపులో చిన్నపిల్లాడి గర్వం లాంటిదేదో ఉంది.

"నీకిచ్చిన మాట నిలబెట్టిన వదినా. నోట్ల నువ్వుగింజ నానదని హరి నన్ను ఎన్నిసార్లు ఎక్కిరిచ్చిండో. ఆఖరిదాంక తెల్వనియ్యలే. అన్న ఫికర్ లేకుంట పోయిండు."

లేచి వంటింట్లోకి వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి అతని చేతికిచ్చాను. అతను తాగేదాకా ఆగాను.

"అవును. తెలియలేదు మరిదిగారూ," అన్నాను.